ఒక్క టచ్‌లో గోల్: మీ ప్రశ్నలకు డ్రిల్లు సారు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మాటల మధ్య మెక్సికో సెంటర్ ఫార్వర్డ్ హ్యూగో శాంచెజ్ పేరెత్తాను. ఒక సీజన్‌లో 38 గోల్స్ కొట్టాడు, అన్నీ ఒకే టచ్‌తో అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ వాక్యం మీదే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈ నెల ఆయన గురించే మాట్లాడుకుందాం.

సార్, 38 గోల్స్ అన్నీ ఒకే టచ్‌తో అంటే నమ్మబుద్ధి కావడం లేదు. మేం రోజూ సాయంత్రం మెసానికల్ గ్రౌండ్‌లో ఆడతాం. బంతిని ఆపకుండా కొడితే పదిసార్లలో తొమ్మిదిసార్లు గోల్ పోస్టు మీదుగా ఎటో పోతుంది. ఆయన ఎట్లా కొట్టాడు?
*(డిగ్రీ విద్యార్థి, చిత్తూరు)*

నిజమే నాయనా. అది 1989–90 సీజన్. స్పెయిన్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్ తరఫున ఆడుతూ కొట్టాడు. అంతకుముందు 1950–51లో తెల్మో జర్రా అనే బిల్బావో ఆటగాడు 38 కొట్టి నెలకొల్పిన రికార్డును సమం చేశాడు. ఆ ఏడాది యూరప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ షూను బల్గేరియా ఆటగాడు స్తోయిచ్‌కోవ్‌తో కలిసి పంచుకున్నాడు. అతనివీ 38 గోల్సే. ఈ స్తోయిచ్‌కోవ్ పేరు గుర్తుపెట్టుకో, కింద ఇంకో జవాబులో మళ్లీ వస్తాడు.

పెనాల్టీ, ఫ్రీ కిక్ కూడా ఒకే టచ్ కదా అని నువ్వు అడగొచ్చు. అవును, ఆ లెక్కలో అవీ ఉన్నాయి. అవి తీసేసినా మిగిలినవి తక్కువేం కాదు. పరుగెత్తుతూ, డిఫెండర్ భుజం ఆనుకుని ఉండగా, గాల్లో వచ్చే బంతిని ఆపకుండా పోస్టులోకి పంపినవి.

ఆపకుండా కొట్టడమంటే తొందరపడి కొట్టడం అనుకుంటున్నావు నువ్వు. అక్కడే మీ బంతులు పైకి పోతున్నాయి. ఒకే టచ్ ఆడేవాడు బంతి వచ్చాక ఆలోచించడు. అది రాకముందే గోల్‌కీపర్ ఎక్కడున్నాడో చూసుకుంటాడు, కాలు ఏ కోణంలో పెట్టాలో తేల్చుకుంటాడు. బంతి వచ్చేసరికి కొట్టడమొక్కటే మిగిలి ఉంటుంది. మీరు బంతి వచ్చాక తల ఎత్తి పోస్టు వైపు చూస్తారు, ఒళ్లు వెనక్కి వాలుతుంది, కాలు బంతి కిందికి పోతుంది. ఇంకేముంది, పైకి లేస్తుంది. తల దించి, మోకాలు బంతి మీదికి వచ్చేట్టు కొట్టి చూడు.

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అని ఒక బడిపంతులు ఉండేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానంలో నిలబెట్టిన కోచ్ ఆయనే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిందీ ఆయన జట్టే. ఆయన డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే షరతు పెట్టి ప్రత్యేకంగా టోర్నమెంట్లు నడిపారు. బంతిని దగ్గర ఉంచుకునే వీలు లేకపోతే మనిషి ముందే ఆలోచించి తీరాలి. శాంచెజ్ అటు మాడ్రిడ్‌లో చేసి చూపించింది, రహీమ్ సాబ్ ఇటు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కుర్రాళ్లకు అంతకు ముప్పై ఏళ్ల ముందే నేర్పారు.

శాంచెజ్ గోల్స్‌లో ఒక్కటే చూడమంటే 1988 ఏప్రిల్ 10న లోగ్రోన్యెస్ జట్టు మీద కొట్టింది చూడమంటాను. ఎడమ పక్క నుంచి మార్టిన్ వాస్కెజ్ బంతిని గాల్లోకి లేపాడు. శాంచెజ్ వీపు గోల్ వైపు ఉంది. వెనక్కి ఎగిరాడు, తల కిందికి, కాళ్లు పైకి. మనం బైసికిల్ కిక్ అంటామే, అదే. స్పానిష్ వాళ్లు చిలేనా అంటారు. బంతి పై మూలలోకి దూసుకుపోయింది. ఎద్దుల పోరులో మెచ్చుకోలుగా తెల్ల చేతి రుమాళ్లు ఊపడం అక్కడి ఆచారం, ఆ రోజు ఫుట్‌బాల్ స్టేడియంలో ఊపారు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ నా కళ్లు పోయేది ఆ తన్ను మీదికి కాదు, దానికి ముందు ఆయన వేసిన రెండు చిన్న అడుగుల మీదికి. బంతి ఇంకా గాల్లో ఉండగానే ఎక్కడినుంచి ఎగరాలో చూసుకుని కాళ్లు సర్దుకుంటున్నాడు. ఆ గోల్ పుట్టింది అక్కడే.

అయ్యా, మా అబ్బాయి బి.డి.ఎస్. రెండో సంవత్సరం. పొద్దున, సాయంత్రం బంతి పట్టుకుని గ్రౌండుకే పోతాడు. పళ్ల డాక్టరు చదువూ ఫుట్‌బాలూ రెండూ ఎవడైనా చెయ్యగలిగాడా అని వాళ్ల నాయన రోజూ గొడవ. మీరే చెప్పండి.
*(ఒక తల్లి, పుత్తూరు)*

అమ్మా, మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. ఇంత సరిగ్గా దొరికే ప్రశ్న నాకు మళ్లీ రాదు. ఈ పేజీలో మనం మాట్లాడుకునే శాంచెజ్ చదివింది పళ్ల డాక్టరు చదువే!

1958 జూలై 11న మెక్సికో నగరంలో పుట్టాడు. తండ్రి కూడా ఫుట్‌బాల్ ఆడినవాడే. అక్కడి జాతీయ విశ్వవిద్యాలయానికి పూమాస్ అని సొంత ప్రొఫెషనల్ క్లబ్బు ఉంది. కుర్రాడు ఆ విశ్వవిద్యాలయంలోనే దంతవైద్యం చదివాడు, ఆ క్లబ్బుకే 1976 నుంచి ఆడాడు. క్లాసూ గ్రౌండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. తిరుపతిలో మన ఎస్వీ యూనివర్సిటీ లోపలే తారకరామ స్టేడియం ఉన్నట్టు అనుకోండి. అట్లా ఆడుతూనే పూమాస్‌తో రెండుసార్లు మెక్సికో లీగ్ గెలిచాడు, డిగ్రీ కూడా చేతికి తెచ్చుకున్నాడు. 1981లో స్పెయిన్‌కు వెళ్లాడు.

మన దేశంలోనే ఇంకొకరున్నారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండల బిడ్డ. కలకత్తాలో డాక్టరు చదువు చదువుతూనే మోహన్ బగాన్‌కు ఆడారు, తరవాత సొంత ప్రాంతానికి తిరిగి వెళ్లి వైద్యం చేశారు. ఈ ముక్క మీ ఆయనకు చదివి వినిపించండి.

అబ్బాయికీ ఒక మాట చెప్పాలి. శాంచెజ్ చదువును ఎగ్గొట్టి ఆడలేదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు, ప్రాక్టికల్స్ పోతే ఏడాది పోతుంది. పొద్దున ఒక గంట ఆట, సాయంత్రం ల్యాబ్ లేని రోజుల్లో ఇంకో గంట చాలు. సెలక్షన్స్ పడితే యూనివర్సిటీ జట్టుకు పోనివ్వండి. గొడవపడి మాన్పించిన ఆట ఆ పిల్లవాడి మనసులో నుంచి పోదమ్మా. నలభై ఏళ్లు పిల్లలను చూసిన అనుభవంతో చెప్తున్నాను.

గోల్ కొట్టాక ఆయన పిల్లిమొగ్గ వేస్తాడట కదా. మా తమ్ముడు అది చూసి మా మిద్దె మీద వేస్తున్నాడు. ఎట్లా నేర్చుకోవాలి?
*(ఇంటర్ విద్యార్థిని, మదనపల్లె)*

మిద్దె మీద వద్దు తల్లీ. ముందు వాణ్ని కిందికి దించు.

శాంచెజ్‌కు ఆ పల్టీ నేర్పింది ఆయన అక్క ఎర్లిండా. ఆమె జిమ్నాస్ట్. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మెక్సికో తరఫున పాల్గొంది. అదే ఒలింపిక్స్‌లో తమ్ముడు ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒకేసారి! కాబట్టి చూసి నేర్చుకున్న విద్య కాదది, నేర్పేవాళ్లు పక్కన నిలబడి, కింద మెత్తటి పరుపు వేసి నేర్పినది. మీ దగ్గర జిమ్నాస్టిక్స్ కోచ్ ఉంటే ఆయన దగ్గరికి పంపు. లేకపోతే గోల్ కొట్టాక చేతులు పైకెత్తి పరుగెత్తినా చాలు.

అంతటి ఆటగాడు ప్రపంచ కప్‌లో ఎందుకు వెలగలేదు? 1990లో మంచి ఊపులో ఉండి కూడా అసలు ఆడనే లేదు ఎందుకు?
*(ఒక పాఠకుడు, పలమనేరు)*

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. అడగకపోతే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. ఎందుకో చెప్తాను.

మూడు ప్రపంచ కప్‌లకు వెళ్లాడు: 1978, 1986, 1994. మొత్తం మీద కొట్టింది ఒకే గోల్. 1986లో సొంత దేశంలో, బెల్జియం మీద తలతో కొట్టాడు. ఆ తరవాతి మ్యాచ్ పరాగ్వేతో. అప్పుడు మేం తిరుపతిలో కొర్లగుంట వైపు ఒక ఇంటి వరండాలో నలుపు తెలుపు టీవీ ముందు చేరేవాళ్లం. అక్కడ మిట్టమధ్యాహ్నం మ్యాచ్ అంటే మనకు రాత్రి పదకొండున్నర. స్కోరు 1–1. ఆట ముగియబోతుండగా మెక్సికోకు పెనాల్టీ దొరికింది. శాంచెజ్ బంతి పెట్టాడు. ఇంటాయన యాంటెన్నా సరిచెయ్యడానికి మిద్దె ఎక్కి, "కనపడతా ఉందా?" అని పైనుంచి అరుస్తున్నాడు. ఎవరూ పలకలేదు. గోల్‌కీపర్ ఆపేశాడు. స్పెయిన్‌లో వరసగా రెండేళ్లు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టి వచ్చిన మనిషి, తన ఊరి జనం ముందు, ఆ ఒక్కటీ కొట్టలేకపోయాడు. క్వార్టర్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో పెనాల్టీల మీద మెక్సికో ఓడిపోయింది.

1994 సంగతి ఇంకా బాధ. బల్గేరియాతో మ్యాచ్, 1–1, అదనపు సమయం. బెంచీ మీద శాంచెజ్. ఇంకో ఆరు రోజుల్లో 36 ఏళ్లు నిండుతాయి. కోచ్ మెహియా బరోన్ ఆయన్ని ఆటలోకి దించనే లేదు. పెనాల్టీలలో మెక్సికో 3–1తో ఓడింది. ఎదుటి జట్టులో ఉన్నది ఎవరనుకున్నారు? స్తోయిచ్‌కోవ్. నాలుగేళ్ల కిందట గోల్డెన్ షూ పంచుకున్నవాడే. మెక్సికోలో ఆ కోచ్‌ను ఈనాటికీ ఆ విషయం అడుగుతూనే ఉంటారు. నన్నడిగితే దించాల్సింది. కాళ్లలో వేగం తగ్గినా, గోల్ ముందరి పెనాల్టీ బాక్సు లోపల ఆయనకున్న చూపు తగ్గలేదు.

ఇక 1990. అప్పుడు ఆయనకు 31 ఏళ్లు. ఆ 38 గోల్స్ కొట్టిన సీజన్ అప్పుడే ముగిసింది. ఇటలీలో ప్రపంచ కప్. మెక్సికో లేదు, ఎందుకంటే నిషేధం. 1988లో 20 ఏళ్లలోపు కుర్రాళ్ల అర్హత పోటీలకు మెక్సికో ఫుట్‌బాల్ సంఘం వయసు దాటిన నలుగురిని తక్కువ వయసు చూపించి పంపింది. ఆ సంఘమే అచ్చు వేయించిన వార్షిక పుస్తకంలో అసలు పుట్టిన తేదీలు ఉన్నాయి. ఒక విలేకరి ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. బయటపడింది. ఫిఫా మొత్తం దేశాన్నే రెండేళ్లు అంతర్జాతీయ పోటీలకు దూరం పెట్టింది. సియోల్ ఒలింపిక్స్ పోయాయి, 1990 ప్రపంచ కప్ పోయింది. పిల్లల పోటీలో పెద్దవాళ్లు చేసిన మోసానికి, ఆ పోటీతో ఏ సంబంధమూ లేని శాంచెజ్ తన జీవితంలోని మంచి ఏడాదిని పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి. 1990ల్లో నేనొక హైస్కూల్లో పీఈటీని. ఊరు, బడి వద్దు. 14 ఏళ్లలోపు జోనల్ పోటీలు. మా ఎదుటి జట్లన్నిటిలో నూనూగు మీసాల వాళ్లే కనిపించేవాళ్లు. రెండేళ్లు ఓడాం. మూడో ఏడు నేనూ ఒకణ్ని తెచ్చాను. పదహారేళ్లవాడు. ఎంట్రీ ఫారంలో పుట్టిన తేదీ దగ్గర రెండేళ్లు తగ్గించి రాసింది నా చెయ్యే. సంతకమూ నాదే. గెలిచాం.

వాడికోసం నేను పక్కన కూర్చోబెట్టిన పిల్లవాడొకడున్నాడు. పదమూడేళ్లు, సన్నగా, రెండు కాళ్లతోనూ కొట్టేవాడు. పోటీలకని వాళ్ల మామ దగ్గర అడిగి తెచ్చుకున్న కాన్వాస్ బూట్లు, ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని వేసుకున్నాడు. మూడు మ్యాచ్‌లూ నీళ్ల క్యాను దగ్గర కూర్చున్నాడు. ఫైనల్ అయ్యాక జెర్సీ విప్పి, మడతలు సరిచేసి, నా చేతిలో పెట్టి, "సార్, ఉతకాల్సిన పని లేదు, చెమట పట్టలా" అన్నాడు. ఆ తరవాత గ్రౌండుకు రాలేదు. ఇంటికి పోయి అడిగితే, చదువుకుంటున్నానన్నాడు, నా మొహం చూడకుండా.

అందరూ చేస్తున్నారు కదా అనే మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ మాట వాడి చేతిలోని మడత ముందు నిలవదు. అందుకే 1990 శాంచెజ్ కథ ఎవరు అడిగినా నాకు మాడ్రిడ్ గుర్తుకు రాదు, ఆ నీళ్ల క్యాను గుర్తుకొస్తుంది. ఇది చదివే పీఈటీలు, తల్లిదండ్రులు ఎవరైనా ఈ ఏడాది ఎంట్రీ ఫారాలు నింపుతూ ఉంటే, ఉన్న తేదీ రాయండి. ఓడిపోతే ఓడిపోదాం.

ఆడినంత బాగా కోచ్‌గా చేశాడా?
*(ఒక జూనియర్ కోచ్, శ్రీకాళహస్తి)*

ఒక చోట చాలా బాగా. ఇంకో చోట లేదు.

బాగా చేసింది ఇంట్లో, పూమాస్‌లో. మెక్సికోలో ఏడాదికి రెండు చిన్న లీగ్‌లు జరుగుతాయి. 2004లో ఆ రెండూ ఆయన జట్టే గెలిచింది. మొదటిది గ్వాదలహారా మీద పెనాల్టీలతో, రెండోది మాంటెర్రే మీద. ఆ పద్ధతి మొదలయ్యాక వరసగా రెండు గెలిచిన మొదటి జట్టు అదే. ఆ రెంటికీ మధ్యలో మాడ్రిడ్ వెళ్లి, శాంచెజ్ ఏడేళ్లు ఆడిన బెర్నబావు స్టేడియంలో రియల్ మాడ్రిడ్‌ను ఒక స్నేహపూర్వక కప్పులో 1–0తో ఓడించి వచ్చింది.

దేశ జట్టు సంగతి వేరు. ముందున్న కోచ్ లా వోల్పేను ఆయన ఏళ్లతరబడి బహిరంగంగా విమర్శించాడు. 2006 చివర్లో ఆ కుర్చీలో తానే కూర్చున్నాడు. 2007 కోపా అమెరికాలో బ్రెజిల్‌ను 2–0తో కొట్టి మూడో స్థానం తెచ్చాడు, అది చిన్న విషయం కాదు. గోల్డ్ కప్ ఫైనల్ మాత్రం అమెరికా చేతిలో పోయింది. 2008 మార్చిలో ఒలింపిక్ అర్హత పోటీలు. కుర్రాళ్ల జట్టూ ఆయన చేతిలోనే ఉంది. చివరి మ్యాచ్ హైతీతో, ఐదు గోల్స్ తేడాతో గెలవాలి. 5–1తో గెలిచారు. ఒక్క గోల్ తక్కువ. పోస్టు ముందు ఖాళీగా దొరికిన బంతులు కూడా ఆ కుర్రాళ్లు బయటికి కొట్టారు. ఆ నెలాఖరుకే ఉద్యోగం పోయింది. ఆ తరవాత స్పెయిన్‌లో అల్మేరియా జట్టును కింది డివిజన్‌కు జారిపోకుండా కాపాడాడు, అక్కడా ఏడాదే.

అయ్యా, మీరూ కోచే కాబట్టి నాకు అనిపించింది చెప్తాను. స్పెయిన్ లీగ్‌లో 234 గోల్స్ కొట్టిన మనిషి గీత పక్కన నిలబడి, ఖాళీ పోస్టు ముందు తప్పిపోయే బంతుల్ని చూడాల్సి వచ్చింది. ముందే చూసుకునే ఆ చూపు ఆయన ఒంట్లో ఉంది. ఒంట్లో ఉన్నదాన్ని మూడు వారాల క్యాంపులో ఇంకొకరి ఒంట్లో పెట్టలేం. పూమాస్‌లో రోజూ అవే పిల్లలు, అదే గ్రౌండు, ఏళ్లకొద్దీ సమయం. అక్కడ ఇంకింది. మీ దగ్గర పన్నెండేళ్ల పిల్లలు ఉంటే మీరు దేశ జట్టు కోచ్ కంటే అదృష్టవంతులు.

సార్, నాకు పన్నెండేళ్లు. మా బడిలో ఆడపిల్లల టీము కొత్తగా పెట్టినారు. ఒక్క టచ్ నేనెట్లా నేర్చుకోవాల?
*(ఏడో తరగతి, రేణిగుంట)*

తల్లీ, నీకు ఒక గోడ కావాలి, ఒక బంతి కావాలి. గోడ మీద సుద్దముక్కతో నీ మోకాలి ఎత్తులో రెండు గడులు గియ్యి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. నాలుగు అడుగుల దూరంలో నిలబడు. బంతి గోడకు తగిలి తిరిగి వచ్చేలోపే ఏ గడిలో కొట్టాలో పైకి చెప్పు, "ఎడమ" అనో "కుడి" అనో. ఆపకుండా కొట్టు. చెప్పాకే కొట్టాలి. కొట్టాక చెప్తే ఆ లెక్క వద్దు. మొదటి వారం కుడి కాలు, రెండో వారం ఎడమ కాలు. ఇరవై వరసగా పడితే ఒక అడుగు వెనక్కి జరుగు. అక్కడా ఇరవై పడితే మీ స్నేహితురాల్ని పక్కన నిలబెట్టి, ఏ గడిలో కొట్టాలో ఆమెను చెప్పమను, బంతి సగం దూరం వచ్చాకే చెప్పాలి.

పొరుగింటి గోడైతే ముందు వాళ్లనడుగు. ఎన్ని పడ్డాయో నోటుపుస్తకంలో రోజూ రాసి, నెలాఖరున ఆ పేజీ నాకు పంపు. తప్పినవి కూడా రాయి.